ఎడంచేతికి అందే పిడి

మా బావ వెర్నన్ సంగతి ఇది. నా చెల్లెలు ఐరీన్ మొగుడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వస్తూ ఒక జర్మన్ తుపాకి తెచ్చుకున్నాడు. తూటాని గొట్టంలోకి తోసి మూసే దాని బోల్టుకి పిడి తలుపు గడియలాగా కుడిపక్కకి తిన్నగా పొడుచుకొచ్చి ఉండేది. తూటా తూటాకీ ఆ పిడి పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తోసి మళ్ళీ దించాలి. ఎత్తితే నిటారుగా ఆకాశంలోకి చూస్తుంది. అందుకని తుపాకి మీద గురి చూసే దుర్బిణి పెట్టడానికి వీల్లేదు, పిడి పోయి దానికి కొట్టుకుంటుంది. దుర్బిణి కావాలంటే పిడిని కాల్చి కిందికి వంచాల్సిందే. మా పెన్సిల్వేనియా కొండల్లో పాత తుపాకులకి ఆ పని, తుపాకులు బాగుచేసే నా కొట్లోనే జరిగేది. వెర్నన్ మాత్రం ఒప్పుకోలేదు.

కర్టిస్ కోసం. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. వాడిది ఎడంచేతి వాటం. తుపాకి ఎడమ భుజానికి ఆనించి, ఎడం చెయ్యి పైనుంచి దాటించి, అవతలి పక్కనున్న పిడి అందుకుని లాగేవాడు. చూడ్డానికి వింతగా ఉండేది గానీ మా అందరికంటే వేగం. పైన దుర్బిణి ఉంటే ఆ చెయ్యి దాటదు.

వాడు వియత్నాం యుద్ధానికి వెళ్ళాడు. కనబడటం లేదని సైన్యంవాళ్ళు అన్నారు. చనిపోయాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏళ్ళు గడిచాయి. గోడమీద తుపాకి అలాగే ఉంది, పిడీ అలాగే ఉంది.

ఈలోగా వెర్నన్ కళ్ళు మసకేశాయి. ఒక ఏడాది వేటలో పెద్ద మగ జింకని కొడితే తూటా పొట్టలో తగిలింది. నెత్తురు చుక్కలు పట్టుకుని ఇద్దరం చీకటి పడేదాకా పొదల్లో వెతికాం. దొరకలేదు. తర్వాత దాని కళేబరాన్ని కాకులు చూపించాయి. అంతే, ఆయన మళ్ళీ తుపాకి ముట్టలేదు. దుర్బిణి ఉన్న నా తుపాకి ఇస్తానన్నాను.

"రేపు నీ పళ్ళసెట్టు కూడా ఇస్తానంటావు," అన్నాడు. నవ్వలేదు.

మళ్ళీ ఏడాది ఆకులు రాలాక ఐరీన్ ఒక్కతే నా కొట్టుకొచ్చింది. వంటింటి తువ్వాలు విప్పింది. లోపల బోల్టు.

"వంచెయ్ అన్నయ్యా."

"బావకి తెలుసా?"

"నేను తియ్యడం చూశాడు. చూసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దస్తమానం ఆ కిటికీయే. ఈ ఏడూ అడవికి పోకపోతే ఆ మనిషి ఇంక ఆ కుర్చీలోంచి లేవడు."

"ఒకసారి వంచాక మళ్ళీ సరిచెయ్యలేనే. విరుగుతుంది. రేపు వాడొస్తే..."

"ఉన్నవాణ్ణి చూసుకోనీ," అంది.

బోల్టు ఒంటికి తడిగుడ్డ చుట్టి పట్టకారులో బిగించాను. వేడి పిడి దగ్గరే ఆగిపోవాలి. ఒంట్లోకి పాకి అక్కడ ఇనుము మెత్తబడిందంటే, తూటా పేలినప్పుడు బోల్టు ఎదురొచ్చి మొహం మీద పడుతుంది.

"ఆ మగ్గుతో గుడ్డమీద నీళ్ళు పోస్తూ ఉండు. ఆపకు."

పోసింది. మంట పెడుతుంటే పిడి మొదలు ఎర్రబడి, నారింజ రంగుకి తిరిగింది. సుత్తితో తట్టాను. మైనంలా వంగింది. ఐరీన్ కళ్ళు తిప్పుకోలేదు. చల్లారాక అడిగింది.

"వాడికింక అందదు కదూ?"

"అందదే."

మగ్గు బల్లమీద బోర్లించి వెళ్ళి కారులో కూర్చుంది. చాలాసేపటిదాకా కారు కదల్లేదు.

సోమవారం నుంచి జింకల వేట మొదలవుతుందనగా వెర్నన్ తుపాకి పట్టుకొచ్చాడు. దుర్బిణి బిగించి, బోల్టు దూర్చి చేతికిచ్చాను. కుడి భుజానికి ఆనించి పిడి ఎత్తాడు. దుర్బిణికీ పిడికీ మధ్య వేలు దూరేంత సందు. లాగాడు, తోశాడు. వెనక కిటికీలోంచి కొండమీదికి చూశాడు.

"ఓరి నీ! కొమ్మ కొమ్మా కనబడుతోంది. దీంట్లోంచి నీ మొహం మాత్రం చూడను బావా, మసగ్గా ఉంటేనే బాగుంది."

నేను నవ్వాను. తనూ నవ్వబోయాడు. అంతలో తుపాకి ఎడమ భుజానికి మార్చాడు. ఎడం చెయ్యి పైనుంచి చాపాడు. వేళ్ళ గెణుపులు దుర్బిణికి తగిలి ఆగిపోయాయి. మళ్ళీ చాపాడు, ఈసారి బలంగా. చర్మం లేచి నెత్తురు వచ్చింది. చెయ్యి తియ్యకుండా దుర్బిణి మీదే కాసేపు ఉంచాడు.

"బాగా కుదిరింది," అన్నాడు.

గుడ్డ అందించాను. తీసుకోలేదు.

"సోమవారం తెల్లారేసరికి మా ఇంటికొచ్చెయ్. ఐరీన్ ఫ్లాస్కులో కాఫీ పోసిస్తుందిట."

"వస్తా."

తుపాకి కుడిచేత్తో పట్టుకుని గడప దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"నీకంటే వేగంగా లాగేవాడు."

"మనిద్దరికంటే బావా," అన్నాను.