వేడి బ్లాకు కొలవరాదు

మా ఇంజన్ల షెడ్డులో సిలిండర్లు తొలిచే బోరింగు మిషను నాది, కొలతలు మా ఆయనవి. పెళ్లయిన కొత్తలోనే అలా పంచుకున్నాం, ఎందుకంటే నా చేతికి ఓపిక లేదు, ఆయన చేతికి వేగం లేదు. సిలిండరులోకి గేజి దించి ముల్లు చూసేటప్పుడు ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటాడు. ఆ సమయంలో పక్కన ఎవరైనా తుమ్మితే, వాళ్లు మళ్లీ మా గడప తొక్కే ముందు ఆలోచించుకోవాలి. మా చెల్లెలు ఆయన్ని కొలతల బావ అంటుంది. ఆయన దాన్ని పొగడ్త అనుకుంటాడు.

గోడ మీద ఆయనే ఎర్ర రంగుతో రాసి పెట్టిన బోర్డు ఒకటుంది. "వేడి బ్లాకు కొలవరాదు." బ్లాకంటే సిలిండర్లుండే ఇంజను దిమ్మ. లోహం ఏదైనా వేడెక్కితే సాగుతుంది. అప్పుడు కొలిస్తే సిలిండరు అరగకపోయినా అరిగిపోయినట్టే ముల్లు చూపిస్తుంది. ఈ పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను, అన్నిసార్లు విన్నాను.

గొడవంతా మా చెల్లెలి కారు గురించి. చెల్లెలు రోజూ పార్సిల్ వ్యాను నడుపుతుంది, సెలవు దొరికితే రేసుల్లో తన చిన్న కారు నడుపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను. దానికి గాలిని బలంగా లోపలికి నెట్టే పెద్ద టర్బో తగిలించి, కంపెనీ ఇచ్చిన బలానికి రెండింతలు లాగాలని మా చెల్లెలి పంతం. ఈసారి ఆ పంతం వెనక పెద్ద సంగతే ఉంది. కంపెనీ బ్లాకుల పోటీలో గెలిచినవాళ్లకి తమ బండి నడిపే అవకాశం ఇస్తామని ఒక పెద్ద టీము చెప్పింది. చిన్నప్పట్నుంచీ అది కోరుకుంది ఆ సీటొక్కటే. కాకపోతే ఆ పోటీలో బ్లాకు కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి. బయట చేయించిన బలమైన బ్లాకు పెట్టినా, సిలిండర్లు తొలిచి మందపాటి ఇనుప స్లీవులు దింపినా, పెద్ద బళ్ల పోటీలోకి నెట్టేస్తారు. అక్కడ దీని కారుని పట్టించుకునే నాథుడు ఉండడు.

"ఈ బ్లాకు తట్టుకోదు," అన్నాడు మా ఆయన. "సిలిండరు గోడలు పైన ఏ ఆసరా లేకుండా నీళ్ల మధ్య నిలబడి ఉన్నాయి. అంత ఒత్తిడి పెడితే ఊగుతాయి. ముందు పైమూత కింది గాస్కెట్ పోతుంది, తర్వాత గోడ పగులుతుంది. స్లీవులు వెయ్యాల్సిందే."

"నీకు టీ గ్లాసు పగులుతుందన్నా భయమే బావా," అంది చెల్లెలు.

"గ్లాసు మందమెంతో నాకు తెలుసు."

"వంటింట్లో కూడా గేజి పెట్టాడా అక్కా?"

"పెట్టకుండా ఉంటారా? పల్చటి గ్లాసులన్నీ ఎప్పుడో బయటికి పంపేశారు," అన్నాను.

చివరికి తీర్పు నేనే చెప్పాను. ఇంజను విప్పి కొలుద్దాం. గోడలు అరిగిపోయుంటే స్లీవులు, లేకపోతే కంపెనీ బ్లాకే. ఇద్దరూ సరేనన్నారు.

మర్నాడు నేను బజారుకెళ్లి వచ్చేసరికి కొలవడం అయిపోయింది. మా ఆయన గేజి తుడుస్తున్నాడు. చెల్లెలు స్టూలు మీద కూర్చుని నేల చూపులు చూస్తోంది. దాని నోరు మూతపడితే నాకు భయం.

"అరిగిపోయాయటక్కా," అంది. "నాలుగూ."

"స్లీవులే," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

నేను బ్లాకు మీద చెయ్యి ఆనించాను. జ్వరమొచ్చిన పిల్ల ఒంటిలా వెచ్చగా ఉంది.

"దీన్ని ఎప్పుడు కడిగారు?"

"ఇందాక."

"వేడినీళ్ల ట్యాంకులోనా?"

ఆయన తుడిచిన గేజినే మళ్లీ తుడిచాడు.

"ఆ గోడ మీద బోర్డు కాస్త చదివి పెడతారా? నేను కళ్లజోడు తెచ్చుకోలేదు."

చెల్లెలు తలెత్తి బోర్డు చూసింది, బ్లాకు చూసింది, లేచి నిలబడింది. "బావా, నువ్వా?" అంది.

ఇంకెవరైనా చేసుంటే పొరపాటని సరిపెట్టుకునేదాన్ని. ఈ మనిషి పొరపాటున వేడి బ్లాకు కొలిచాడంటే ఆ బోర్డు కూడా నమ్మదు. నాకు ఒళ్లు మండిపోయింది. "దాని బతుకుతో ఆటలాడుతున్నారా?" అన్నాను.

ఆయన గేజిని పెట్టెలో పెట్టి మూత వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. "తెలిసే కొలిచాను," అన్నాడు. "బ్లాకు పగిలితే నూనె టైర్ల కిందికొస్తుంది. ఆ వేగంలో బండి దాని మాట వినదు. నేను కంచె పక్కన నిలబడి చూడాలి. నా చేత్తో బిగించిన ఇంజను." "సీటు పోతే నన్ను తిడుతుంది. తిట్టడానికి ఉంటుంది కదా," అన్నాడు.

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆ క్షణాన ఆయనంటే చెప్పలేనంత ఇష్టం కలిగింది. పైకి అంటే ఎంత ఇష్టమో కొలిచి చెప్పమంటాడని ఊరుకున్నాను.

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "తిట్టడం నేనెలాగూ తిడతాను, దానికి సీటు పోవక్కర్లేదు. ఒక్కటి చెప్పు కొలతల బావా. ఈ బ్లాకు భద్రంగా ఎంతవరకు లాగుతుంది? నిజం చెప్పు, అంతకే నడుపుతాను."

"చల్లారనీ," అన్నాడు.

చల్లారాక కొలిచాడు. నాలుగు సిలిండర్లూ నిక్షేపంలా ఉన్నాయి. అప్పుడు చెప్పాడు. రెండింతల బలం కావాలంటే స్లీవులో, బయటి బ్లాకో తప్పదు. ఒకటిన్నర చాలనుకుంటే కంపెనీ బ్లాకే తట్టుకుంటుంది, పెట్రోలూ నిప్పురవ్వా అందాల్సినప్పుడు అందితే. "బ్లాకుని చంపేది బలం ఒక్కటే కాదు. అడ్డదిడ్డమైన ట్యూనింగు ఇంకా తొందరగా చంపుతుంది."

"అంటే నేనన్నదే నిజం," అంది చెల్లెలు.

"నేనన్నదీ నిజమే," అన్నాడాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు పనుందని మిషను దగ్గరికి వెళ్లిపోయాను.

పోటీ రోజున తిన్నటి దారిలో మిగతా బళ్లు మా చెల్లెల్ని దాటిపోయాయి, మలుపుల్లో అది వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుంది. మా ఆయన కంచె పట్టుకుని మొదట్నుంచీ కళ్లు మూసుకునే ఉన్నాడు. ఇంజను చప్పుడు వింటున్నానని బుకాయించాడు, "ఇప్పుడెక్కడుంది?" అని మాత్రం నన్ను అడుగుతూనే ఉన్నాడు. చివరి మలుపు దగ్గర ముందున్న బండి గాస్కెట్ పోయి ఆవిరి కక్కుతూ పక్కకి తప్పుకుంది. మా చెల్లెలు దాన్ని దాటేసింది.

"గెలిచింది, ఇంక కళ్లు తెరవండి," అన్నాను.

కారు వచ్చి ఆగాక ఆయన వంగి ముందు దాని టైర్ల కింద చూశాడు. నేల పొడిగా ఉంది. అప్పుడు చెల్లెలి ముఖం చూశాడు.

ఒప్పందం మీద సంతకాల రోజున టీము వాళ్లు మమ్మల్ని కూడా తమ వర్క్‌షాపుకి రమ్మన్నారు. చెల్లెలు నడపబోయే బండికి బయట ప్రత్యేకంగా చేయించిన బ్లాకు, మందపాటి గోడలు, మా ఆయన మనసుకి నచ్చే సరుకే. అప్పుడే వాషింగ్ ట్యాంకులోంచి తీసి స్టాండుకి బిగించారు. ఈయన సంచిలోంచి గేజి తీశాడు. వద్దని నేను కళ్లతో సైగ చేశాను, చూస్తేగా.

"మేం కొలిచేశామండీ," అన్నాడు అక్కడి ఇంజనీరు, మర్యాదగానే.

"మంచిదండీ," అని ఈయన బ్లాకు మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత స్టూలు లాక్కుని దాని పక్కన కూర్చున్నాడు.

ఫోటోలకి పిలిచారు, రాలేదు. భోజనానికి పిలిచారు, రాలేదు. టీము కోటు తొడుక్కున్న చెల్లెలు టీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. "ఇంకెంతసేపు బావా?" అంది.

ఆయన మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. "ఇంకా వెచ్చగానే ఉంది."

అది ఇంకో స్టూలు తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది.