మంచం దిగే ముందు

పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు నేను గోడ పట్టుకుంటాను. గోడ మీద ఆ చోట మరక పడింది. "రంగులు వేయించి ఏడాది కాలేదు, చేతులు గోడకి పూయడమేంటి?" అని మా ఆయన ఒకరోజు తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చాడు. తుడిచాను. తుడుస్తున్నంతసేపూ కుడికాలి మునివేళ్ళ మీదే నిలబడ్డాను. మడమ నేలకి ఆనితే ఎవరో గాజుపెంకు పెట్టి లోపలికి నొక్కినట్టుంటుంది. అది ఆయనకి కనబడదు. మరక కనబడుతుంది.

నేను ఫర్నిచర్ షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. మాది పై అంతస్తు, సోఫాలూ వాలుకుర్చీలూ ఉండే చోటు. ఎటు చూసినా కూర్చోవడానికే పుట్టిన వస్తువులు. "ఒక్కసారి కూర్చుని చూడండి సార్, నడుముకి ఎంత హాయిగా ఉంటుందో" అంటూ రోజంతా ఊళ్ళోవాళ్ళందరినీ కూర్చోబెడతాను. మేం మాత్రం కూర్చోకూడదు. "స్టాఫ్ కూర్చుంటే కొత్త సరుకు కూడా వాడేసినట్టు కనిపిస్తుంది" అంటాడు మేనేజరు. నెత్తి మీద కెమెరా ఉంది. ఏ బల్ల అంచుకో కాసేపు ఆనుకుంటే చాలు, కింద నుంచి ఫోనొస్తుంది. మేమంతా అక్కా అని పిలిచే సీనియరు చెప్పుల్లో స్పాంజి ముక్కలు కుక్కుకుని తిరుగుతుంది. "ఈ ఉద్యోగంలో నడుం కింద ఏమీ లేదనుకోవాలే పిల్లా" అని నవ్వుతుంది. నవ్వుతూనే కాలు మార్చుకుంటుంది.

ఇంటికొస్తే వంటగది. అక్కడా కుర్చీ లేదు. కూరలు తరిగేదీ నిలబడే, గిన్నెలు తోమేదీ నిలబడే, చివరికి నేను తినేది కూడా చాలాసార్లు పొయ్యిగట్టు దగ్గర నిలబడే. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అవి ఇంటిల్లిపాదికీ తెలిసిన నొప్పులు. వాటికి సోఫాలో ఓ మూల ఉంది, కాళ్ళ కింద పెట్టుకునే పీట ఉంది, సాయంత్రం నేను మందు రాసే వేళ ఉంది. ఆవిడ నొప్పి అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడ పాదాల దగ్గర కూర్చుని మందు రాసే ఆ కాసేపే నాకూ దొరికే విశ్రాంతి అని ఒకరోజు తట్టి, నాకు నేనే సిగ్గుపడ్డాను. నా నొప్పికి మాత్రం ఆ ఇంట్లో ఒక చోటూ లేదు, ఒక వేళా లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్తానంటే మా ఆయన ఆశ్చర్యపోయాడు. "మడమ నొప్పికి కూడా డాక్టరా? చెప్పులు మార్చి చూడరాదూ?" చెప్పులు అప్పటికి మార్చే ఉన్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరమ్మ నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని మడమ లోపలివైపు బొటనవేలితో నొక్కింది. కేకపెట్టాను. మడమ నుంచి వేళ్ళదాకా అరికాలి కింద ఒక పట్టీలాంటిది ఉంటుందట. ఆగకుండా బరువు మోసి మోసి అది దెబ్బతిందట. రాత్రంతా ముడుచుకుని, కాస్త సర్దుకుంటుండగా పొద్దున్నే ఒక్కసారిగా దాని మీద నిలబడితే మళ్ళీ లాగేస్తుందట.

"రోజుకి ఎంతసేపు నిలబడతారు?" అని అడిగింది.

"ఎంతసేపు కూర్చుంటానో అడగండి, చెప్పడం తేలిక" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

మంచం దిగే ముందే అరికాలికి తువ్వాలు వేసి, మోకాలు వంచకుండా, వేళ్ళని మెల్లగా మీ వైపు లాక్కోండి అంది. పిక్క సాగాలి, అరికాలు సాగాలి, అప్పుడు గానీ కాలు కింద పెట్టకూడదు. సాయంత్రం చల్లటి నీళ్ళ సీసా పాదం కింద పెట్టి దొర్లించమంది. ఇంట్లో కూడా ఉత్తికాళ్ళతో తిరగొద్దంది. "ఇది తగ్గే జబ్బేనమ్మా. నెలలు పడుతుంది. కాలికి విశ్రాంతి దొరికితేనే." దారి పొడుగునా ఆ ఆఖరి మాటే కాలికి తగులుతూ వచ్చింది.

మొదటిరోజు తువ్వాలు తీసుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మా ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి "పొద్దున్నే ఏంటీ సర్కసు?" అన్నాడు. గుమ్మంలోంచి అత్తయ్య తొంగి చూసింది. "కళ్ళెం బిగిస్తోందిరా. గుర్రం ఎక్కి ఎటు పోతుందో కనుక్కో." తల్లీకొడుకులిద్దరూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత కాలు కింద పెడితే గాజుపెంకు లేదు. నొప్పి ఉంది, కాకపోతే మనిషి ఓర్చుకోగల నొప్పి. ఒళ్ళు నా మాట విని చాలా కాలమైంది. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఆ రోజు ఇంట్లో అన్నీ పది నిమిషాలు ఆలస్యమయ్యాయి, మా అమ్మాయి లంచ్ బాక్సుతో సహా. "దానికేముంది, ఇంకో పది నిమిషాలు ముందు లే" అన్నాడు మా ఆయన. లేచాను. నా అలికిడికి అత్తయ్యకీ మెలకువ వచ్చేది. ఎలాగూ లేచావు కదా, కాసిని వేడినీళ్ళు పెట్టు అనేది. ఎలాగూ లేచావు కదా, ఆ చొక్కా ఇస్త్రీ చెయ్యి అనేవాడు ఆయన. నేను ఎంత ముందు లేస్తే పని నాకంటే అంత ముందు లేచి కూర్చునేది. తువ్వాలు తలగడ కిందే ఉండిపోయేది.

ఆ రోజుల్లోనే షాపుకి ఒక పెద్దావిడ వచ్చింది. కూతురికి కాన్పయిందట, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని కూర్చోవడానికి వాలుకుర్చీ కావాలట. "మా అమ్మాయి అచ్చం నీ ఎత్తే. కాస్త కూర్చో తల్లీ, కాళ్ళు ఎక్కడికొస్తాయో చూస్తాను." కెమెరా వైపు చూశాను. కస్టమరు అడిగింది కదా అని కూర్చున్నాను. పక్కనున్న మీట లాగాను. వీపు వెనక్కి వాలింది, కాళ్ళు నేల వదిలి పైకి లేచాయి. మడమల మీద ఏ బరువూ లేదు. "బావుంది, ఇదే ఇప్పించు" అని ఆవిడ బిల్లు కోసం కిందికి దిగిపోయింది. నేను లేవాలి. లేవాలని తెలుసు. కాళ్ళు రానన్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. "ఎలా ఉంది మేడం, సుఖంగా ఉందా?"

"కస్టమరే కూర్చోమన్నారు సార్."

"ఏరీ కస్టమరు?"

నన్ను తిట్టలేదు. అంతకంటే తేలికైన దారి ఆయనకి తెలుసు. మా ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన ఆఫీసులో పర్మిషన్ పెట్టి పరుగున వచ్చాడు. పిల్లల మీద ఫిర్యాదొస్తే బడికి వెళ్ళే తండ్రిలా చేతులు కట్టుకున్నాడు. "మా ఆవిడ కాస్త మెత్తన సార్. చిన్న నొప్పి కూడా ఓర్చుకోలేదు. ఇంట్లోనూ ఈమధ్య కాలూ కాలూ అని ఇదే గోల. ఇంకోసారి జరగదు, నాదీ పూచీ." మేనేజరు మెత్తబడ్డాడు. "అయ్యో, మీరు నిలబడ్డారేంటి, కూర్చోండి సార్" అన్నాడు. మా ఆయన సోఫాలో కూర్చున్నాడు. మేనేజరూ కూర్చున్నాడు. నా కాలి గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ నేను వాళ్ళ ముందు నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు ఓ మూలకి విసిరి, విసుగ్గా అన్నాడు. "సరే, పొద్దున్న ఆ వ్యాయామమేదో తీరిగ్గా చేసుకో. వంటిల్లు మేం చూసుకుంటాం. ఇంకోసారి నన్ను అలా నిలబెట్టకు."

మేం చూసుకుంటాం. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. తర్వాత కొన్ని వారాలు నేను మంచం మీదే కూర్చుని తువ్వాలు లాక్కునేదాన్ని. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, మూత కిందపడ్డ చప్పుడు వినిపించేవి. పాపం అలవాటు లేని చేతులు అనుకునేదాన్ని. మూత పడినప్పుడల్లా మా ఆయన మీద కొంచెం జాలి, జాలితోపాటు ఎప్పుడో ఎండిపోయిందనుకున్న ప్రేమా కలిగేవి. నొప్పి తగ్గుతోంది. కుంటకుండా బాత్రూందాకా వెళ్ళగలుగుతున్నాను.

ఒకరోజు పొద్దున్న కాలు తేలిగ్గా అనిపించి, వ్యాయామం మధ్యలో ఆపేసి, ఆయనకి సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి దగ్గర మా అమ్మాయి ఉంది. డబ్బాలకి ఆనించి పుస్తకం తెరిచి పెట్టుకుంది. వచ్చే నెలలో దానికి పెద్ద పరీక్షలు. ఒక చేత్తో గరిటె తిప్పుతూ పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. హాల్లో వాళ్ళ నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

"నువ్వెందుకే ఇక్కడ?"

"రోజూ నేనే కదమ్మా. నీకు చెప్పొద్దన్నాడు నాన్న. చెప్తే లేచొచ్చేస్తావట."

"మరి చదువు?"

"చదువుతున్నాగా. మొదట్లో మూతలు పడేసేదాన్ని, ఇప్పుడు చూడు ఎంత స్పీడొచ్చిందో! వంట ఎలాగూ రావాల్సిందే, అమ్మ కాలు పుణ్యమా అని ముందే వచ్చేస్తోంది అంది నాన్నమ్మ." దాని మొహంలో ఫిర్యాదు లేదు. మెచ్చుకుంటానని చూస్తోంది. అదే నన్ను చంపేసింది.

హాల్లోకి వెళ్ళి అడిగాను. "మేం చూసుకుంటాం అన్నారు కదండీ?"

"అమ్మాయి మనలో ఒకర్తి కాదా?" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"మీరు ఒక్కరోజు..."

"నాకు ఆఫీసు లేదూ? అయినా అది చేస్తానంటుంటే నీకేంటి బాధ? నీ కాలే కదా బాగవుతోంది."

నిజమే. నా కాలు బాగవుతోంది. బాగవడానికి ఆ ఇంట్లో ఇంకో జత కాళ్ళు నిలబడి ఉన్నాయి. మా ఇద్దరి కాళ్ళూ కాక అక్కడ వేరే కాళ్ళు లేనట్టే మాట్లాడుతున్నాడు ఆయన. షాపు మానలేను, ఇల్లు మానలేను. ఈ మనిషిని మార్చేంత ఓపిక నాకు ఇంకా మిగిలి ఉందా అని లోపల వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు.

మర్నాడు అమ్మాయి అలారం మోగకముందే మంచం దిగేశాను, తువ్వాలు ముట్టుకోకుండా. మొదటి అడుగుకి కళ్ళ ముందు చీకటి కమ్మింది. దాని గదిలోకి వెళ్ళి అలారం ఆపేసి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. కాసేపటికి అమ్మాయి కంగారుగా లేచొచ్చింది. "వెళ్ళి చదువుకో. ఇంక ఈ గదిలోకి రాకు" అన్నాను. కోపమొచ్చిందనుకుంది. చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నన్ను కింద నుంచి పైకి చూసి తృప్తిగా నవ్వాడు.

"తగ్గిపోయినట్టుందే? నేను ముందే చెప్పానా, నువ్వు గట్టిగా అనుకుంటే తగ్గిపోతుందని?"

"తగ్గింది" అన్నాను, రెండో కాలి మీద నిలబడి.