తెల్లారితే బుధవారం

మే నెల రెండో వారంలో మా తమ్ముడి నోట్‌బుక్కు రిజిస్టర్డ్ పార్సిల్లో ఇంటికొచ్చింది. దాంతోపాటు టైపు చేసిన ఒక పట్టిక, ఒక ఉత్తరం ఉన్నాయి. దేవానందం పోయి అప్పటికి రెండు నెలలు.

ఉత్తరం రాసింది హైదరాబాదులో వాడికి థీసిస్ చేయిస్తున్న ప్రొఫెసరు గారు. మొదటి పేరాలో సంతాపం, రెండో పేరాలో అసలు సంగతి. వాడు నాలుగు నక్షత్రాల వెలుగును కొలిచాడు. మూడింటి లెక్కలు తేలాయి. నాలుగోదాంట్లో ఏం పెట్టి చూసినా సగం రీడింగులు కుదరటం లేదు. ఇవి నిజంగా టెలిస్కోపు దగ్గర కూర్చుని తీసినవేనా అన్న అనుమానం కలుగుతోందని ఆయన ఎంతో మర్యాదగా రాశారు. ఒకచోట అనుమానం వచ్చాక మిగతావాటినీ నమ్మలేం కాబట్టి, జూన్ పదిహేను లోపల సంగతి తేలకపోతే వాడి రీడింగులన్నీ పక్కనపెట్టి, వాడి పేరు లేకుండానే వ్యాసం అచ్చుకు పంపుతామన్నారు. మా అక్క లెక్కల టీచరని వాడు చెబుతుండేవాడట. ఇంట్లో వేరే కాగితాలేమైనా ఉంటే చూడమన్నారు. చచ్చిపోయినవాణ్ణి దొంగ అనటానికి అంత మంచి ఇంగ్లీషు ఎందుకో నాకు అర్థం కాలేదు.

చదివి మడిచి బీరువాలో పెట్టి, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరటానికి కూర్చున్నాను. నాకు కోపం రాలేదు. మార్చి నుంచి నాకు ఏదీ రావటం లేదు. రోజూ రొంపిచెర్లలో బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఆడపిల్లల హైస్కూల్లో వర్గసమీకరణాలు చెప్పి, మళ్లీ బస్సెక్కి వచ్చేదాన్ని. తోటి టీచర్లు, "గ్రేసమ్మ గారిది చానా గుండె నిబ్బరం" అనుకునేవాళ్లు. నిబ్బరం కాదు, బండబారిపోయాను, అంతే. పన్ను పీకేటప్పుడు సూది వేస్తే దవడ ఉందో లేదో తెలియదే, అట్లా ఉండేది నాకు.

వాడు హైదరాబాదు నుంచి ఇంటికొస్తుండగా మాచర్ల దాటాక, రోడ్డు మీద దీపాల్లేకుండా ఆపి ఉంచిన రాళ్ల లారీని బస్సు గుద్దుకుంది. మంగళవారం రాత్రి రెండు గంటలకు పోయాడు. అర్ధరాత్రి దాటింది కాబట్టి ఆస్పత్రి కాగితంలో మార్చి పన్నెండు అని రాశారు. సమాధి రాయి మీద ఏ తేదీ చెక్కించాలన్న దగ్గర నాకూ మా అమ్మ కృపమ్మకూ మాటా మాటా వచ్చింది.

"నా బిడ్డ మంగళారం పోయాడు. పదకొండు చెక్కించు" అంది అమ్మ.

"కాదమ్మా. బుధవారం. పన్నెండు."

"తెల్లారితే బుధారం అనగా పోయాడే. తెల్లారిందా అప్పటికి? తెల్లారకుండా బుధారం ఎట్టా వచ్చిద్ది?"

"గడియారం పన్నెండు కొడితే తేదీ మారిద్ది. తెలవకపోతే ఊరుకో."

రాయి చెక్కే ఖాదర్ వలి నరసరావుపేట స్టేషన్ రోడ్డులో తన పాకలో ఉలి పట్టుకుని కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏదో ఒకటి తేల్చుకోండమ్మా. చెక్కినాక తుడుచుకోటానికి ఇది పలక కాదు, మాచర్ల నాపరాయి" అన్నాడు. పన్నెండు అని నేనే తేల్చాను. నలభయ్యో రోజు ప్రార్థనకు అమ్మ వచ్చింది. ఆమెకు అక్షరాలు రావు గానీ క్యాలెండరు పుణ్యమా అని అంకెలు వచ్చు. రాయి మీద తేదీని కాసేపు చూసింది, ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ సమాధుల దొడ్డి వైపు పోలేదు. నన్నేమీ అనలేదు, వాడి సంగతి నాతో మాట్లాడటం మానేసింది.

పార్సిల్ వచ్చేసరికే వేసవి సెలవులు ఇచ్చేశారు. స్కూలు కాలిక్యులేటరు హెడ్మిస్ట్రెస్ దగ్గర సంతకం పెట్టి తెచ్చుకున్నాను. గ్రాఫు కాగితాలు కొనుక్కుని పని మొదలుపెట్టాను.

వాడు ఏం కొలుస్తాడో వాడే ఒకసారి అమ్మకు చెప్పాడు, నేను పక్కన కూర్చుని విన్నాను. కొన్ని నక్షత్రాలకు అయస్కాంత బలం మామూలు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాని మూలంగా సిలికాన్, క్రోమియం లాంటివి వాటి ఒంటి మీద అక్కడక్కడా పోగుపడి మచ్చలు కడతాయి. నక్షత్రం తిరిగే కొద్దీ మచ్చ ఉన్న పక్క ఒకసారి, లేని పక్క ఒకసారి మనవైపు వస్తుంది. దాంతో వెలుగు రవ్వంత పెరిగి, రవ్వంత తగ్గుతుంది. కంటికి ఆనదు. టెలిస్కోపుకు ఫోటోమీటరు తగిలించి, పక్కనున్న మారని నక్షత్రంతో పోల్చి కొలవాలి. అట్లా రాత్రుల తరబడి కొలిస్తే అది ఒక చుట్టు తిరగటానికి ఎంతకాలం పడుతుందో తేలుతుంది. ఆ కాలమే పీరియడ్.

"గానుగెద్దుకు ఒక పక్కే తెల్లమచ్చ ఉందనుకోమ్మా" అన్నాడు వాడు. "నువ్వు ఒకచోటే కూర్చున్నావు. మచ్చ మళ్లీ ఎప్పుడు కనపడిద్దో చూస్తే చుట్టుకు ఎంతసేపో తెలవదా?"

"తెలిసిద్ది. తెలిస్తే నూనె ఎక్కువొచ్చిద్దా?"

"రాదు."

"మరెందుకురా ఆ నిద్దర చెడగొట్టుకోటం?"

"ఎద్దు ఎట్టా తిరుగుతుందో తెలిసిద్ది గదమ్మా" అన్నాడు. అమ్మ నవ్వింది.

లెక్క చెయ్యటం కష్టమేమీ కాదు, విసుగు. ఒక పీరియడ్ ఊహించుకోవాలి. మొదటి రీడింగు నుంచి ఒక్కో రీడింగుకు ఎన్ని రోజులైందో చూసి, దాన్ని ఆ పీరియడ్‌తో భాగించాలి. పూర్తి చుట్లు వదిలేసి, దశాంశ బిందువు తర్వాత మిగిలింది గ్రాఫు మీద అడ్డంగా, వెలుగు నిలువుగా పెట్టాలి. ఊహ సరైనదైతే చుక్కలన్నీ ఒక అల మీద కూర్చుంటాయి. కాకపోతే చెదురుతాయి. రీడింగులు యాభై ఎనిమిది. రోజూ పొద్దున్నే కూర్చునేదాన్ని. పదింటి తర్వాత చెమటకు కాగితం మోచేతికి అంటుకుపోయేది, కరెంటు ఎటూ ఉండేది కాదు.

పీరియడ్ రెండు రోజులని పెట్టి చూశాను. రెండుంపావు, రెండున్నర, మూడు, నాలుగు పెట్టి చూశాను. మధ్యలో ఉన్నవీ చూశాను. సగం చుక్కలు వరసలో ఉన్నట్టే ఉంటాయి, మిగతా సగం కోళ్లు కెలికిన గింజల్లా పడతాయి. మూడు వారాలు అట్లాగే గడిచాయి. నోట్‌బుక్కు మాత్రం పార్సిల్ కాగితంలోంచి బయటికి తియ్యలేదు. పట్టిక టైపు చేసి శుభ్రంగా ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వాడి చేతిరాత చూడటం ఇష్టం లేదు, అదీ నిజం.

మూడో వారం చివరికి నేను కూడా నమ్మాను. వాడు కూర్చుని రాసేశాడు, అంతే. అట్లా నమ్మటానికి నాకో కారణం ఉంది. పదో తరగతిలో లోలకం ప్రయోగం ఇచ్చారు. దారానికి గుండు కట్టి, ఊపి, ఇరవై ఊపులకు ఎంతసేపో చూడాలి. వాడు గుండు కట్టకుండానే అయిదు వరసలు నింపేశాడు. రీడింగులు వండటం అంటాం మేము దాన్ని. నేను పుస్తకం చూడగానే పట్టుకున్నాను, చెంప మీద ఒకటి ఇచ్చాను. వాడు ఏడవలేదు. అర్ధగంటలో దూలానికి దారం కట్టి మొత్తం మళ్లీ చేశాడు. ఒకసారి వండినవాడు ఇంకోసారి వండడా అనుకున్నాను. తమ్ముడి గురించి అట్లా అనుకుంటుంటే కూడా నాకేమీ అనిపించలేదు. లేచి పప్పు కుక్కరు దించాను.

పప్పు మెదుపుతుంటే ఒక సంగతి తట్టింది. ఆ రోజు నేను వాణ్ణి ఎట్లా పట్టుకున్నాను? అయిదు వరసలూ ముచ్చటగా ఒకదానికొకటి సరిపోయాయి, అందుకు. వండిన రీడింగులు ఎప్పుడూ అందంగా ఉంటాయి. పదమూడేళ్లుగా పిల్లల సైన్సు రికార్డులు కూడా దిద్దుతున్నాను, చింపిరిగా వండినవాడు నాకు ఒక్కడు కూడా తగల్లేదు. అబద్ధం రాసేవాడు కుదిరేట్టు రాస్తాడు గానీ కుదరకుండా ఎందుకు రాస్తాడు? పప్పుగుత్తి అక్కడే పడేసి, చేతులు కడుక్కుని, పార్సిల్ కాగితం చించాను.

అదే ఎడమవైపుకు వాలిన రాత. ఒక్కో రాత్రికి ఒక్కో పేజీ. పైన తేదీ ఒకటే. దాని కింద గడియారం టైము, దాని ఎదురుగా రీడింగు. జనవరి 18: పదకొండు నలభై, పన్నెండు ఇరవై, ఒంటిగంట అయిదు, రెండు పది, మూడున్నర. వెలుగు ఒక్కో మెట్టూ నిదానంగా పెరుగుతూ ఉంది, ఎక్కడా గెంతు లేదు. అట్టడుగున తెలుగులో ఒక్క మాట: తెల్లారింది. పేజీ తిప్పితే జనవరి 19. దాని అడుగున కూడా తెల్లారింది.

నేను పట్టిక తెచ్చి పక్కన పెట్టుకున్నాను. పదకొండు నలభై జనవరి 18న ఉంది. పన్నెండు ఇరవై కూడా జనవరి 18నే ఉంది, సున్నా గంటల ఇరవై నిమిషాలని. అంటే తర్వాత తీసిన రీడింగు దాదాపు ఒక పూర్తి రోజు వెనక్కి పోయి కూర్చుంది. ఎవరో టైపు చేసినవాళ్లు అర్ధరాత్రితో తేదీ మారితే వాడే మార్చి రాసేవాడు కదా అని, వాడు పైన వేసిన తేదీకి గడియారాన్ని అతికించేశారు. మొదటి మూడు నక్షత్రాల టైములు వాడే సరైన తేదీల్లోకి మార్చుకున్నాడు కాబట్టి తప్పు రాలేదు. నాలుగోది మార్చేలోపల పోయాడు.

వాడు గడియారం చూసి టైము రాశాడు గానీ, తేదీ మాత్రం మా అమ్మ చెప్పినట్టు రాశాడు. తెల్లారితేనే రేపు. ఇరవై ఆరేళ్లు మా ఇంట్లో పెరిగినవాడు ఇంకెట్లా రాస్తాడు? టైపు చేసినవాళ్లను తిట్టటానికి నోరు రాలేదు. వాళ్లు పట్టికలో చేసిన తప్పే నేను రాయి మీద చేయించాను.

అర్ధరాత్రి దాటినవి ముప్ఫై మూడు రీడింగులు. ముప్ఫై మూడింటికీ ఒక్కో రోజు కలిపి మళ్లీ మొదలుపెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం, రెండు పాయింట్ ఆరు రోజుల దగ్గర చుక్కలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఒక అల లేచింది, దిగింది. యాభై ఎనిమిదిలో ఒక్కటి కూడా బయట లేదు. రెండు రోజుల పద్నాలుగు గంటలకొక చుట్టు.

గ్రాఫు ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అమ్మ వచ్చి, "అన్నం తినవా?" అంది.

"అమ్మా, తమ్ముడు దొంగ లెక్కలు రాయలేదు."

"రాశాడని ఎవరన్నారు?"

ప్రొఫెసరు గారని చెప్పొచ్చు. "నేనే" అన్నాను.

అమ్మ నా మొహం చూసింది. కంచంలో అన్నం పెట్టి, మజ్జిగ పోసి, పక్కన మిరపకాయ వేసి వెళ్లిపోయింది. తిన్నాను. రుచి తెలియలేదు.

గ్రాఫు, దిద్దిన పట్టిక, జనవరి 18 పేజీ నకలు పోస్టులో పంపాను. జూన్ చివర్లో జవాబు వచ్చింది. దేవానందం పేరు అందరికంటే ముందు ఉంటుందని, నాలుగో నక్షత్రం కూడా వ్యాసంలో ఉంటుందని రాశారు. జరిగినదాన్ని గుమాస్తా పొరపాటు అన్నారు. క్షమించమన్న మాట ఎక్కడా లేదు, రెండుసార్లు వెతికాను. చివర్లో మాత్రం ఒక వాక్యం ఉంది. ఈ పనిలో ఒక రాత్రికి రెండు తేదీలూ కలిపి రాయటం ఆనవాయితీ, మధ్యలో ఏటవాలు గీత పెట్టి. సాయంత్రపు తేదీ ఇటు, తెల్లవారే తేదీ అటు. అతను అట్లా రాసి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు అన్నారు.

మర్నాడు ఖాదర్ వలి పాకకు వెళ్లాను.

"ఆనాడే చెప్పాగదమ్మా, తుడవటం కుదరదని" అన్నాడు.

"తుడవొద్దు బాబాయ్. పన్నెండుకు ముందు పదకొండు చేర్చు. మధ్యలో ఒక ఏటవాలు గీత పెట్టు. ఎడమపక్క నాలుగు వేళ్ల జాగా ఉంది."

"ముప్ఫై ఏళ్లుగా చెక్కుతున్నా. ఒక మనిషికి రెండు తారీకులు ఎవరూ అడగలా" అన్నాడు గానీ, ఆదివారం పొద్దున్నే ఉలి, సుత్తి సంచిలో వేసుకుని సమాధుల దొడ్డికి వచ్చాడు. గుడి ఆరాధన అయ్యేసరికి పని ముగించి వెళ్లాడు.

ఆరాధన అయ్యాక అమ్మను రమ్మన్నాను. రాదనుకున్నాను, వచ్చింది. రాయి ముందు కూర్చుని అంకెల మీద వేలు పెట్టి ఒక్కోటీ చూసింది.

"ఇదేందే, రెండు తారీకులు? రెండుసార్లు పోయాడా వాడు?"

"కాదమ్మా. ఒకటే రాత్రి. వాళ్ల పనిలో రాత్రిని అట్టా రాస్తారు. ఇటు మంగళారం, అటు బుధారం."

అమ్మ కొంగు తీసి, పదకొండులో ఇంకా మిగిలిన తెల్లటి రాతిపొడి తుడిచింది. ఆ గీత కూడా తుడిచింది. పన్నెండు మీద కొంగు ఆపింది.

"ఇటు పక్క వాడు చూడలేదు గదే" అంది.

ప్రతి పేజీ అడుగునా వాడు రాసిన ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. "చూడలేదమ్మా. వాడికి తెల్లారలేదు" అన్నాను. మార్చి నుంచి రానిదంతా అప్పుడు వచ్చింది. ఎండలో ఆ రాయి పక్కనే కూర్చుని ఏడ్చాను. అమ్మ ఊరుకోమనలేదు, లేవమనీ అనలేదు.