ఆరున్నరకు వెలిగే బల్బు

ఆ ఇంటివాళ్లెవరైనా బయటినుంచి ఇంటిముఖం పట్టారంటే చాలు, టీ నీళ్లు మరిగేంత ముందుగా వసారాలో బల్బు దానంతటదే వెలిగేది. దాని స్విచ్ పాడై ఏళ్లయింది, అవసరం పడక ఎవరూ బాగుచేయలేదు. చుట్టాలొచ్చినా, మీటరు చూసే మనిషొచ్చినా అది వెలగదు. ఇంటి మనిషికే వెలుగుతుంది. వెలగగానే ఆ ఇంటి యజమాని అయిన మెకానిక్కు తల్లి పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ఎదురింట్లో ఇస్త్రీ చేసే ఆవిడ "కండక్టరమ్మ బస్సు దిగుతున్నట్టుంది" అనుకుని ఆమె యూనిఫారం మడతపెట్టి ఉంచేది.

కండక్టరమ్మ అంటే మెకానిక్కు భార్య. సందు మొగలోని స్టాపులోనే ఆమె డ్యూటీ దిగేది. టికెట్లు కొట్టే ఆ మనిషికి ఎప్పటికైనా స్టీరింగు ముందు కూర్చోవాలని కోరిక. డ్రైవరు పరీక్షకు వెళ్లి, బస్సు వెనక్కి తీస్తూ స్తంభానికి గుద్దేసింది. ఆ సాయంత్రం మొగుడి దగ్గర మాత్రమే ఏడ్చింది. ఆయనగారేమో మర్నాడు తన రిపేరు షాపులో మిక్సీ విప్పుతూ, నలుగురినీ నవ్విద్దామని ఆ సంగతి కాస్తా చెప్పేశాడు. మాటకు కాళ్లొచ్చాయి. వారం తిరక్కుండానే బస్సులో కుర్రాళ్లు "వెనక్కి, ఇంకా వెనక్కి" అంటూ ఈలలు వేశారు.

"ఇంట్లో మాట ఇంట్లో ఉంచడం మీ వల్ల కాదు," అని ఆమె సంచి సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి డ్యూటీ దిగినా బస్సు దిగడం లేదు. అదే బస్సులో అక్క ఇంటికి పోతోంది.

ఆమె వచ్చే వేళకు బల్బు వెలగడం ఆగిపోయింది. మెకానిక్కు షాపు పెందలాడే కట్టేసి, వసారాలో కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

"వెళ్లి పిలువురా," అనేది తల్లి.

"వచ్చేదైతే బల్బు వెలిగేదిగా అమ్మా. వెలగలేదంటే పిలిచినా రాదనేగా."

తప్పయిందని చెప్పడానికి నోరు రాని మగవాడికి అంతకంటే మంచి సాకు దొరకదు. కానీ బల్బు వెలగడం లేదని వీధంతా చూస్తోంది. "ఇవాళా లేదేం?" అని ఇస్త్రీ ఆవిడ అడిగినప్పుడు తల కొట్టేసినట్టయింది. బల్బుకు తనే ఒక స్విచ్ కట్టాలనుకున్నాడు.

బజార్లో దొరికే స్మార్ట్ స్విచ్ సంగతి ఆయనకు తెలుసు. చేతికందే బల్బు వెలగాలన్నా కబురు ముందు ఎక్కడో కంపెనీవాళ్ల దగ్గరికి పోయి రావాలి. ఈ ఇంటికి ఎవరు ఎప్పుడొస్తున్నారో, ఎవరు రావడం లేదో వాళ్లకెందుకు? ఒకసారి మాటను గడప దాటించి అనుభవిస్తున్నది చాలు. వేలెడంత వైఫై బోర్డు, కరెంటును కలిపి విడదీసే ఒక రిలే, వాటికో చిన్న పవర్ సప్లయి తెచ్చి సబ్బు పెట్టెలో బిగించాడు. ఇంటర్నెట్ ఊసే లేదు. ఫోనులో నొక్కిన మాట ఇంట్లో ఉన్న పెట్టె దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఆమె బస్సు రావాల్సిన వేళ కదా అని టైము ఆరున్నరకు పెట్టాడు.

టిక్కుమంది రిలే. బల్బు వెలిగింది. వీధి నోరు మూతపడింది. లోపల తల్లి మాత్రం అలవాటు కొద్దీ నీళ్లు పెట్టి, కోడలి కోసం గుమ్మం వైపు చూస్తూ గిన్నె మాడబెట్టుకుంది. మర్నాడూ అంతే.

"నా చేత ఉత్తుత్తి నీళ్లు కాయించకురా," అందావిడ.

ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆ బల్బు ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడించింది తనే. అయినా పెట్టె తీయడానికి మరికొన్నాళ్లు మనసొప్పలేదు.

ఒకరోజు ఆమె బస్సు డ్రైవరు షాపుకొచ్చాడు. "అన్నా, వదిన రూటు మార్పించుకుంది. ఈ రూటులో ఇవాళే ఆఖరు. కొత్త డిపో దగ్గరే గది కూడా చూసుకుందట."

మెకానిక్కు ఇంటికెళ్లి పెట్టె ఊడదీశాడు. ఆరున్నర దాటింది. బల్బు వెలగలేదు. వెలగకపోతే పోనీ అనుకుని చెప్పులేసుకుని స్టాపుకు నడిచాడు. ఆమె వెళ్లాక ఆ వేళప్పుడు ఆయన ఇల్లు కదలడం అదే మొదటిసారి.

బస్సు ఎంతకీ రాలేదు. ఏడు దాటాక వచ్చింది. ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆయన్ని కాదు, ఆయన వెనక సందులోకి చూస్తోంది. తిరిగి చూశాడు. బల్బు వెలుగుతోంది.

"నీ మాట నలుగురిలో పెట్టి నవ్వాను. తప్పు నాదే. ఇంటికి రా," అన్నాడు.

ఆమె తర్వాతి కండక్టరుకు టికెట్ల మిషను అప్పజెప్పి దిగింది. బస్సు వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లూ దాన్ని వెలిగించింది మీరేగా?"

"ఎలా తెలిసింది?"

"రోజూ ఆరున్నరకే టంచనుగా వెలుగుతోందని ఇస్త్రీ ఆవిడ చెప్పింది. నా బస్సు ఎన్నడైనా ఆరున్నరకు వచ్చిందా?"

లేదని ఒప్పుకున్నాడాయన.

"ఈ సంగతి ఎవరెవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. దాన్ని వెలిగించే పెట్టె కూడా ఎవరికీ చెప్పదు, అలా కట్టాను. ఇవాళ దాన్నీ తీసేశాను."

"అయితే ఇది నిజంగా వెలిగిందే."

ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ బల్బు చేత మళ్లీ అబద్ధం ఆడించడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

"నిజమే. కాకపోతే నా కోసం వెలిగిందేమో. నేనూ బయటే ఉన్నాగా, నేనూ ఇంటికి పోవాల్సినవాణ్ణే."

ఆమె కాసేపు బల్బునూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సంచి ఆయన చేతిలో పెట్టి ముందు నడిచింది.

"ఒకే ఇంటికి పోయే ఇద్దరికి ఎన్ని బల్బులు వెలగాలేమిటి?"

వాళ్లు గుమ్మంలో చెప్పులు విడిచేసరికి లోపల ముగ్గురికి సరిపడా నీళ్లు మరుగుతున్నాయి.