గాలి మళ్లిన ఏడాది

నగేశ్ రోజూ ఐదు గంటలకు లేస్తాడు. గిన్నెడు రాగి జావ తాగి, టైర్లను వేలితో నొక్కి చూసుకుని, కామారెడ్డి బస్టాండు వెనక సందులోంచి సైకిలు నడిపించుకుంటూ మెయిన్ రోడ్డెక్కుతాడు. వారంలో మూడు రోజులు సదాశివనగర్ దాకా పోయి వస్తాడు. రెండు రోజులు తాడ్వాయి దిక్కు ఎక్కుడు రోడ్ల మీద కాళ్లు అరగదీస్తాడు. ఆదివారం మాత్రం ఎల్లారెడ్డి దాకా, పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. తిరిగొచ్చి స్నానం చేసి మోటారు వైండింగు దుకాణం తెరుస్తాడు. కాలిపోయిన బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్నప్పుడు కూడా బల్ల కింద అతని కాళ్లు తొక్కుతూనే ఉంటాయని పల్లవి నవ్వుతుంది.

షుగరు వచ్చేటట్టుందని డాక్టరు చెబితే నాలుగేళ్ల కింద మొదలుపెట్టిన సైకిలు అది. ఇప్పుడతనికి ముప్పై ఆరు. షుగరు తగ్గింది, పొట్ట పోయింది, దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది. దాని పేరు మహేందర్.

ఏటా నవంబరు ఆఖరి ఆదివారం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా సైకిలు పోటీ పెడతారు. నగేశ్ మూడేళ్లు వరసగా రెండో స్థానంలో వచ్చాడు. మూడేళ్లూ మొదట వచ్చింది మహేందరే. ఎల్లారెడ్డి కుర్రాడు, పొద్దున్నే ఇండ్లకు పాలు పోస్తాడు, అతని వెనక గాలి ఉంటుంది.

చిన్నప్పుడు అద్దె సైకిలు నేర్చుకున్న రోజు నుంచీ ఉంది ఆ గాలి. అతను సైకిలెక్కితే వెనకనుంచి వచ్చి వీపుకు ఆనుకుంటుంది, దిగితే ఆగుతుంది. ఎల్లారెడ్డి వాళ్లకు దాంతో పని కూడా ఉంది. వరికోతలయ్యాక వడ్లు కొనే సెంటర్లో తూర్పార పట్టే మిషను దగ్గర వంతు దొరకని వాళ్లు మహేందర్‌కు ఫోన్ చేస్తారు. అతను వచ్చి కుప్పల పక్కన సైకిలు మీద అటూ ఇటూ తిరుగుతాడు. ఆడవాళ్లు చాటలు పైకెత్తి వడ్లు జారవిడుస్తారు. తాలు ఎగిరిపోతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది. చాయ తాగించి పంపిస్తారు.

మొదటి ఏడాది నగేశ్ ఈ గాలి సంగతి పోటీ పెట్టిన వాళ్లను అడిగాడు. వాళ్లు కాగితాలు తిరగేసి, సైకిలుకు మోటారు పెట్టొద్దని ఉంది గానీ గాలి మాట ఎక్కడా లేదన్నారు. రెండో ఏడాది అడగలేదు. మూడో ఏడాది ఫొటో దిగేటప్పుడు మహేందర్ అతని భుజం మీద చెయ్యేసి నవ్వాడు. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు నగేశ్ దాన్ని పెద్దది చేసి చూశాడు. మహేందర్ మొహం స్నానం చేసి వచ్చినట్టు ఆరి ఉంది. తన మొహం మీద ఉప్పు చారలు కట్టింది, కళ్లు ఎర్రబడ్డాయి. పిండిన బట్టలా ఉన్నాడు తను.

ఆ ఫొటో తర్వాత అతని కుళ్లుకు హద్దు లేకుండా పోయింది. మహేందర్ ఎన్ని కిలోమీటర్లు తొక్కాడో ఫోన్లో పూటపూటకూ చూసేవాడు. ఒకసారి మహేందర్‌కు డెంగీ వచ్చి ప్లేట్లెట్లు పడిపోయాయని తెలిసి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడి బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని ఎల్లారెడ్డి వెళ్లి చూసొచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ఇంకెన్ని రోజులు పడుకోవాలన్నారని రెండుసార్లు అడిగాడు.

పల్లవికి అన్నీ తెలుసు. నిద్రలో కూడా పళ్లు కొరుకుతున్నావంది ఒక పొద్దున. "వాని మీద పెట్టిన మనసుల సగం నా మీద పెట్టినా మనం మంచిగుందుము," అంది. అతను హెల్మెట్ పెట్టుకున్నాడు.

నాలుగో ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం నగేశ్ ఎల్లారెడ్డి చేరేసరికి సీసాలో నీళ్లయిపోయాయి. మహేందర్ ఇల్లు రోడ్డు పక్కనే. వాళ్లమ్మ గంగాబాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. కొడుకు దొడ్లో బర్రెల దగ్గర ఉన్నాడని చెప్పి, చెంబుతో నీళ్లిచ్చి, కూర్చో బిడ్డా, చాయ పెడతానని లోపలికి పోయింది.

మహేందర్ సైకిలు గోడకు ఆనించి ఉంది. దాని పక్కనే గాలి ఉంది. నేల మీద ఎండుటాకులు నాలుగు మెల్లగా గుండ్రం తిరుగుతున్నాయి. దండెం మీద తువ్వాల ఒక్కటే ఊగుతోంది, పక్కన ఆరేసిన చీర కదలడం లేదు. నగేశ్ చెంబు కింద పెట్టాడు. తొడలు మంటపెడుతున్నాయి, వచ్చిన దూరమంతా తిరిగి పోవాలి. మూడేళ్ల ఫొటోలు మూడూ కళ్ల ముందు తిరిగాయి.

"రా," అన్నాడు చిన్నగా.

ఆకులు తిరగడం ఆగింది. మెడ వెనక చల్లగా తగిలింది. నగేశ్ చాయ కోసం ఆగలేదు.

ఆ రోజు తిరుగు దారిలో అతను తొక్కిన తొక్కుడు ఎప్పుడూ తొక్కలేదు. లింగంపేట దాటినంక వచ్చే ఎక్కుడు రోడ్డు, ఎప్పుడూ నాలుక బయటపెట్టించేది, పరిచిన చాపలా కిందికి పోయింది. బస్సును దాటాడు. కామారెడ్డి చేరి గడియారం చూసుకుంటే గంట కూడా కాలేదు. సందులో సైకిలు దిగి ఒక్కడే నవ్వుకున్నాడు. పల్లవి తలుపు తీసి, అతని వెనక కొట్టుకుంటున్న గేటు వైపు చూసింది. "తెచ్చినవా," అని మాత్రం అంది.

జనం కూడా పెద్దగా ఏమీ అనలేదు. గాలి నగేశ్ దిక్కు మళ్లిందట అని చెప్పుకున్నారు, ఎవరో దుకాణం మార్చిన సంగతి చెప్పుకున్నట్టు. నవంబరు పోటీలో నగేశ్ రెండోవాడికంటే పదకొండు నిమిషాలు ముందు వచ్చాడు. కప్పు తీసుకుని, శాలువా కప్పించుకుని, అక్కడే నిలబడి మహేందర్ కోసం చూశాడు. ఓడిన మహేందర్ చూపు కోసమే కదా ఇదంతా.

మహేందర్ ముప్పై ఒకటో వాడిగా వచ్చాడు. ఒక ఎక్కుడు దగ్గర సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చాడట. షర్టు వీపుకు అంటుకుపోయి ఉంది. గీత దాటి, సైకిలు పడేసి, రోడ్డు మీదే వెల్లకిలా పడుకున్నాడు. నగేశ్ వెళ్లి పైన నిలబడితే కళ్లు తెరిచి, "మంచిగ చూస్కో అన్న దాన్ని," అన్నాడు. తిట్టలేదు. తిడతాడని నగేశ్ నాలుగు జవాబులు తయారు చేసి పెట్టుకున్నాడు. అవి అట్లాగే మిగిలాయి.

వారం తిరగకముందే ఇంటి వెనక రేకులు రెండు లేచి పక్క వాళ్ల దొడ్లో పడ్డాయి. తర్వాత దుకాణం బోర్డు ఊడింది. గంగాబాయే ఫోన్ చేసింది. కోపం లేదు ఆమె గొంతులో. "దానికి పని లేకుంటే ఊకుండది బిడ్డా. వడ్ల కాడికి తోలుకపో. దినాం తిప్పు," అంది.

అట్లా మొదలైంది. పొద్దున్న ఐదింటికి అతనికంటే ముందు ఫోను లేచేది. తాడ్వాయి వాళ్లు, లింగంపేట వాళ్లు, యాసంగి కోతలప్పుడు బీర్కూర్ వాళ్లు, చివరికి బిచ్కుంద నుంచి సగం మరాఠీలో మాట్లాడే ఒక పెద్దాయన. పోకపోతే రేకులు లేస్తాయి, పోతే దుకాణం తెరవడం మధ్యాహ్నమవుతుంది. మోటార్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు తిరిగిపోతున్నారని పల్లవి చెప్పింది, ఒకటికి రెండుసార్లు. తర్వాత చెప్పడం మానేసి, రాగి తీగ చుట్టడం తనే నేర్చుకుంది.

సైకిలు మీదే ఉండేవాడు రోజంతా. కానీ అది తొక్కడం కాదు. కాళ్లు ఊరికే పైకీ కిందికీ పోయేవి, ఊయల్లో కూర్చున్నవాడి కాళ్లలా. వేసవిలో ప్యాంటు నడుము దగ్గర బిగుసుకుంది. డాక్టరు రక్తం చూసి, సైకిలు మానేశారా అని అడిగాడు.

జూన్‌లో ఒక పొద్దున తాడ్వాయి ఎక్కుడు మీద మహేందర్ కనబడ్డాడు. పాల క్యాన్లు ఇంట్లో దించి, అంత దూరం తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు. నోరు తెరిచి, ముక్కు మీంచి చెమట హ్యాండిల్ మీదికి కారుతుండగా, ఒక్కో తొక్కుడుకూ మూలుగుతూ ఎక్కుతున్నాడు. పిక్కలు రాళ్లలా బిగిశాయి. నగేశ్ అతని పక్కనుంచి జర్రున దాటిపోయాడు. పైకెళ్లి వెనక్కి చూస్తే మహేందర్ ఇంకా సగంలోనే ఉన్నాడు. పైకి వచ్చి, దిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, ఊపిరి అందినంక తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ నవ్వు చూసి నగేశ్ మళ్లీ కుళ్లుకున్నాడు. పాత మంటే. అతని దగ్గర ఇప్పుడు కప్పుంది, గాలుంది. కానీ మహేందర్ చొక్కా తడిసింది, తన చొక్కా తడవలేదు. ఎనిమిది నెలలైంది తనకు చెమట పట్టక. ఎప్పుడు పట్టబోయినా గాలి ఆరగొట్టేస్తుంది.

వారం రోజులు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఎల్లారెడ్డి వెళ్లాడు. మహేందర్ దొడ్లో గడ్డి వేస్తున్నాడు. నగేశ్ గడప దగ్గరే నిలబడి, తప్పయిందని చెప్పడం రాక, చెప్పాల్సింది ఒక్కసారే చెప్పేశాడు.

"నీ గాలిని నువ్వు తీస్కో తమ్మీ. ఒక్కసారి పిలువు, వస్తది."

"పిలువ అన్న," అన్నాడు మహేందర్ గడ్డి మోపు విప్పుతూ.

"ఎందుకు? కోపమా?"

మహేందర్ చేతులు దులుపుకుని వచ్చి గోడకు ఆనుకున్నాడు. "ఇర్వై ఏండ్లు తొక్కిన. నా కాళ్లు తొక్కుతున్నయో, అది నూకుతున్నదో ఒక్కనాడు తెల్వలె. కప్పు తీస్కునేటప్పుడు నీ దిక్కే చూస్తుంటి. నువ్వు వాంతి చేస్కుంట, కుంటుకుంట వచ్చేటోనివి. ఆ రెండో నంబరు నీది. నా మొదటి నంబరు ఎవరిదో నాకే ఎరుక లేదు. నీ మీద ఎంత కుళ్లుకున్ననో నీకేం తెలుసు."

నగేశ్ గడప దాటి దొడ్లోకి వచ్చాడు.

"ఆ దినం పొద్దుగాల నేను ఈ దొడ్లనే ఉన్న," అన్నాడు మహేందర్. "నువ్వు పిలుసుడు విన్న. మళ్ల పిలుద్దామని నోటి దాకొచ్చింది. ఊకున్న."

లోపల్నుంచి గంగాబాయి చాయ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తాగారు.

ఆ నవంబరులో నగేశ్ పోటీకి పేరు ఇవ్వలేదు. పోటీ రోజు పొద్దున్న ఆకాశం మబ్బు పట్టింది. తుఫాను ఉందని ముందు రోజే టీవీలో చెప్పారు. లింగంపేట వడ్ల సెంటర్లో రోడ్డు పొడుగునా కుప్పలు, తూకం వేసే కాంటాకు రెండు వారాలుగా ఎదురుచూస్తున్నవి. తాలుందని తిప్పి పంపుతున్నారట. పోచయ్య అనే రైతు తెల్లవారకముందే ఫోన్ చేసి, వాన పడేలోపు కానిచ్చుకుంటామని బతిమాలాడు. నగేశ్ వెళ్లాడు.

కుప్పల వెంబడి కిలోమీటరు దూరం అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆడవాళ్లు చాటలు ఎత్తుతున్నారు, పొట్టు కళ్లల్లో పడకుండా కొంగులు మొహాలకు కట్టుకున్నారు. ఎనిమిదిన్నరకు, అతను కామారెడ్డి వైపు మళ్లి వస్తున్నప్పుడు, ఎదురుగా పోటీ సైకిళ్లు కనబడ్డాయి. ముందు ముగ్గురు గుంపుగా, ఒకరి వెనక ఒకరు నక్కి వెళ్లిపోయారు. వాళ్ల వెనక వంద గజాల దూరంలో ఒంటరిగా మహేందర్.

నగేశ్ వెనకున్న గాలి సూటిగా మహేందర్ మొహం మీదికి పోతోంది. నగేశ్ ఆగొచ్చు. ఆగలేదు. లోపలున్న కుళ్లు అతని కాళ్లను ఇంకా గట్టిగా తొక్కించింది. పొట్టు మేఘంలా లేచింది. మహేందర్ తల వంచి, మోచేతులు దగ్గరికి లాక్కుని, దంతాలు బిగించి ఆ గాలిలోకి దూరాడు. సైకిలు ఊగింది, పడిపోతుందేమో అనిపించింది. పడలేదు. ఇద్దరూ ఒకర్నొకరు దాటుకున్నారు. మహేందర్ తల ఎత్తి కూడా చూడలేదు. పక్కనుంచి పోయింది ఎవరో అతనికి తెలుసు.

కుప్పలు అయిపోయిన చోట నగేశ్ బ్రేకు వేసి కాలు కింద పెట్టాడు.

"తిరుగు అన్న, మబ్బు దిగుతున్నది," అన్నాడు పోచయ్య చాట పట్టుకుని.

తిరిగితే గాలి ఎల్లారెడ్డి వైపు పోతుంది. మహేందర్ ఇంకా కనబడుతున్నాడు, ముందు ముగ్గురికీ అతనికీ మధ్య దూరం తగ్గుతోంది. ఒక్క తోపు తోస్తే చాలు, వాళ్లను అందుకుంటాడు. కానీ అప్పుడు వచ్చే నంబరు అతనిది కాకుండా పోతుంది.

"జర ఆగుండ్రి," అన్నాడు నగేశ్.

ఆడవాళ్లు ఎత్తిన చాటలు దించుకున్నారు. గాలి అతని వీపు మీద అసహనంగా కొట్టుకుంది. అతను రెండు కాళ్లూ నేల మీద ఆనించి, మహేందర్ పసుపు చొక్కా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. మలుపు తిరిగాక కూడా ఇంకో వంద అంకెలు లెక్కపెట్టాడు.

చివరి కుప్ప మీద పరదా కప్పుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. ఫోను మోగింది. మహేందర్ గొంతు రికార్డు చేసి పంపాడు. ఊపిరి అందక మధ్యమధ్య తెగిపోతున్న గొంతు. "అన్న, నాలుగు. నాలుగో నంబరు వచ్చిన." ఆ తర్వాత మాటల్లేవు, ఆయాసం ఒక్కటే ఉంది, చాలాసేపు.

నగేశ్ దాన్ని ఇంకోసారి పెట్టుకుని విన్నాడు. ఆ ఆయాసమంతా విన్నాడు. ఇంట్లో షోకేసులో ఉన్న కప్పు తీసుకుని ఎవరైనా ఆ నాలుగు ఇస్తారేమోనని అతని మనసు అక్కడక్కడే తిరిగింది. పోచయ్య పరదా కొన పట్టుకోమని పిలిచాడు. నగేశ్ ఫోను జేబులో పెట్టుకుని వెళ్లి, గాలికి లేవకుండా ఆ కొన మీద బండరాయి పెట్టాడు.