కప్పు మీద చెరువు

తోటక్కకు కోపం వస్తే నోటికంటే ముందు చెయ్యి లేస్తుందని పనివాళ్ళంతా చెప్పుకునేవారు. అందులో అబద్ధమేం లేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఏడిపించినవాడి ముక్కు పగలగొట్టి వచ్చి, ఏడ్చినందుకు తమ్ముణ్ణి కూడా రెండు వాయించిన మనిషి. అలాంటి అక్కా ఆ తమ్ముడూ పెద్దయ్యాక కలిసి భవనాలు కట్టడం మొదలుపెట్టారు. అతను గీస్తాడు, కట్టిస్తాడు. మొక్కల పని ఆమెది.

ఈసారి కట్టింది లైబ్రరీ. మట్టి ఇటుకల గోడలు, పడగొట్టిన పాత గిడ్డంగుల నుంచి ఏరి తెచ్చిన దూలాలు. ఏసీ అన్న మాటే లేదు, కప్పు మీద అడుగు మందాన మట్టి పోసి తోట వేస్తే లోపల అదే చల్లగా ఉంటుంది. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. అప్పటినుంచీ తమ్ముడికి కాలు నేల మీద నిలవడం లేదు.

ప్రారంభం రోజు పొద్దున్నుంచీ వాన. మామూలు వాన కాదు, కుండపోత. లోపల నూట యాభై మంది కుర్చీల్లో సర్దుకు కూర్చున్నారు, మొదటి వరసలో అమ్మ. కొత్త తోటకు పైవాడే నీళ్ళు పోస్తున్నాడని ఎవరో అంటే అందరూ నవ్వారు.

తోటక్క నవ్వలేదు. ఆమె భవనం వెనక నిలబడి ఉంది. కప్పు మీది నీళ్ళు దింపడానికి వెనక గోడ వెంట ఆరు గొట్టాలున్నాయి. ఇంత వానకు ఆ ఆరూ నురగలు కక్కాలి. ఒక్కదాంట్లోంచీ చుక్క రావడం లేదు. ఒకదాని మూతిలో వేళ్ళు పెట్టి చూస్తే పొడిగా ఉంది, సాలెగూడు తగిలింది.

ప్లంబరు చూరు కింద టీ తాగుతున్నాడు.

"ఇవి ఎండిపోయి ఉన్నాయేంట్రా?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, లీకు చూడ్డానికి కప్పు మీద మూడ్రోజులు నీళ్ళు నిలబెట్టాం కదా. అప్పుడు గొట్టాలకి బిరడాలు కొట్టాం."

"కొట్టారు. తర్వాత తీశారా లేదా?"

"తీస్తానంటే సారు ఆగమన్నారు. ఫోటోలవాళ్ళు వస్తున్నారు, ముందు మట్టి పోసేయండి, తర్వాత చూద్దామన్నారు. ఈలోగా మీరు మొక్కలు పెట్టేశారు. ఎవరో తీసే ఉంటార్లే అనుకున్నా."

ఎవరో. ఆ ఎవరో అనేవాడు ఈ లోకంలో ఎన్ని పనులు నెత్తిన వేసుకున్నాడో, పాపం, ఒక్కటీ చేసిన పాపాన పోలేదు. తోటక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆ బిరడాల మీద తన చేత్తో తనే గడ్డి పరిచింది. నీళ్ళు మరీ నిండితే బయటికి పొర్లిపోవడానికి పిట్టగోడకు కన్నాలుండాలని మొత్తుకుంది కూడా. తమ్ముడు వినలేదు. మట్టి గోడ మీద నీటి చారలు పడితే అందం చెడుతుందట.

ఇనుప మెట్లెక్కి చూసింది. తోట లేదు. పిట్టగోడ అంచుదాకా ఎర్రటి నీళ్ళు, వాటి మీద వేళ్ళతో సహా తేలుతున్న మొక్కలు. కింద ఎక్కడో ఒక దూలం పటుక్కుమంది.

ఒక్క పరుగున దిగి గుమ్మం దగ్గర తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"జనాన్ని బయటికి పంపించు. బిరడాలు తీయలేదు. కప్పు మీద చెరువు నిలబడింది."

అతను అతిథుల వైపు నవ్వు మొహం చెదరనివ్వకుండానే అన్నాడు. "మెల్లగా మాట్లాడు. ఒక్క గంటలో ఉపన్యాసాలు అయిపోతాయి. అప్పుడు తీయిద్దాం."

"దూలం విరుగుతున్న చప్పుడు విన్నాన్రా."

"పాత చెక్క, తడికి అలాగే అరుస్తుంది. నేను లెక్క కట్టే వేశాను."

"నువ్వు మట్టికి కట్టావు లెక్క. చెరువుకి కట్టావా?"

"అక్కా, నీకు దండం పెడతా. ఈ ఒక్క రోజు నా పరువు తీయకు."

ఇక మాటలతో పని లేదనుకుంది. గడ్డపార తీసుకుని మళ్ళీ పైకెక్కింది. మొదటి గొట్టం ఉన్న మూల గుర్తుపట్టి, మోకాళ్ళ లోతు బురదలో వంగి, రెండు నెలలు బిడ్డల్లా సాకిన మొక్కల్ని గుప్పిళ్ళతో పీకి పారేసింది. బిరడా వేళ్ళకు తగిలింది. గడ్డపార మొన దూర్చి ఎత్తితే ఊడింది, నీళ్ళు సుడి తిరిగి దిగసాగాయి. కానీ ఒక్క గొట్టంతో ఆ చెరువు దిగేదెప్పటికి? రెండోదాని వైపు తిరిగేసరికి వెనకనుంచి జుట్టు దొరకబుచ్చుకున్నాడు తమ్ముడు.

"నా తోట పీకేస్తావా?" అంటూ ఆమెను మెట్లదాకా ఈడ్చాడు. ఆమె మోచేత్తో అతని పక్కటెముకల్లో పొడిచింది. అతను ఆమె మణికట్టు మెలితిప్పాడు, లోపలేదో విరిగింది. ఇద్దరూ ఒకరినొకరు వదలకుండానే ఇనుప మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చి పెరట్లో పడ్డారు. ప్లంబరు చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నోరు తెరిచి నిలబడిపోయాడు.

ముందు లేచింది ఆమే. మెట్ల కింద పార దొరికింది. ఎడమచేత్తో దాన్ని తిప్పిపట్టుకుని కర్రతో కొట్టింది. భుజం మీద ఒకటి. లేవబోతే వీపు మీద ఒకటి. అతను ఆమె కాలు పట్టి లాగి పిక్క మీద కొరికాడు, పిచ్చికుక్క కూడా అలా కొరకదు. మూతి మీద మూడోది పడింది, పళ్ళు రాలాయి. తొడ మీద నాలుగోది. ఐదోది మోకాలికి గురిపెట్టి కర్ర ఎత్తింది.

"అక్కా, కొట్టకే," అన్నాడు అతను. చిన్నప్పటి గొంతు. నోటి నిండా నెత్తురు, ముక్కులోంచి చీమిడి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు.

ఆమె గుండె కరిగింది. కర్ర దించేసింది.

"ఇక్కడే పడుండు. కదిలావంటే చంపుతా," అని, పార తీసుకుని హాలు వైపు పరిగెత్తింది.

మంచిగా చెబితే ఎవరు కదులుతారు? గుమ్మం పక్కన గోడంత అద్దాన్ని ఒక్క దెబ్బకు పగలగొట్టింది. పెంకులు ముందు వరసలవాళ్ళ మొహాల మీద చిమ్మాయి. అరుపులు లేచాయి. ఆపబోయిన పెద్దమనిషి చెంప పగిలింది. అమ్మను భుజం పట్టి గుంజి, కుర్చీతో సహా బయటికి ఈడ్చింది, భుజం కీలు జారినా వదల్లేదు. పార గిరగిరా తిప్పుతూ మనుషుల్ని గొడ్లను తోలినట్టు తోలింది. పిచ్చిదని తిట్టారు, శాపాలు పెట్టారు. కానీ పరిగెత్తారు. ఆఖరి మనిషి గడప దాటేదాకా ఆమె లోపలే ఉంది.

వానలో నూట యాభై మంది వణుకుతూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు గడిచాయి. ఏమీ కూలలేదు. అందరూ ఆమె వైపు చూడసాగారు.

అప్పుడు ఖాళీ హాల్లో మైకు పలికింది. తమ్ముడు. పెరటి గుమ్మంలోంచి కుంటుకుంటూ వెళ్ళి వేదిక మీద నిలబడ్డాడు.

"క్షమించండి. మా అక్కకి ఒంట్లో బాగాలేదు. భవనానికి ఏ లోటూ లేదు. చూడండి, నేను లోపలే ఉన్నాను. దయచేసి వచ్చి కూర్చోండి."

తోటక్క గొంతు చించుకుని వాడి వైపు ఉరికింది. ముగ్గురు మగవాళ్ళు ఆమెను నేలకేసి అదిమారు, ఒకడు వీపు మీద కూర్చున్నాడు. బురదలో చెంప ఆనించి చూస్తుండగానే దూలాలు ఒకదాని వెంట ఒకటి పేలాయి. కప్పు కిందికి వచ్చింది. మట్టీ, నీళ్ళూ, ఆమె మొక్కలూ అన్నీ ఒక్కసారే దిగాయి. మైకు ఒకసారి గీపెట్టి ఆగిపోయింది.

విరిగిన చేత్తోనే ఆమె అందరికంటే ముందు తవ్వింది. తమ్ముడు దొరికేసరికి నోటి నిండా మట్టి ఉంది, ఊపిరి లేదు.

మర్నాడు ఆస్పత్రి వరండాలో పోలీసు వచ్చి పక్కన కూర్చున్నాడు. అద్దం పెంకులు గుచ్చుకున్నవాళ్ళు పదకొండు మంది. అమ్మ భుజం. పెద్దమనిషి చెంప. అన్నీ చదివి వినిపించాడు. ఆమె అన్నిటికీ తలూపింది.

"మీ తమ్ముణ్ణి పెరట్లో కర్రతో కొట్టారని ప్లంబరు చెప్పాడు. ఎన్ని దెబ్బలు?"

"నాలుగు."

"నాలుగేనా?"

"నాలుగే సార్. ఐదోది మోకాలి మీద వేద్దామనుకున్నా. వేస్తే వాడు లేచేవాడు కాదు. కొట్టకే అన్నాడని వదిలేశా."

పోలీసు నాలుగని రాసుకున్నాడు.