ఒప్పుకునే మనిషి

వెంకటరావమ్మ గోతం మూతి విప్పి బోర్లించేసరికి మేనేజరు బల్ల నిండా బూజు పట్టిన మిరపకాయలు పడ్డాయి. ఎర్రగా నిగనిగలాడాల్సిన తేజ రకం కాయలు బూడిద పూసినట్టున్నాయి. ముక్కిన వాసన గదంతా కమ్ముకుంది. గాజు తలుపు అవతల కంప్యూటరు ముందు కూర్చున్న నజ్మీన్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“గలగలలాడే కాయలు పొదిలి నుంచి తెచ్చి మీ ఏసీలో పెట్టాను. ఇదేందయ్యా ఇది?” అంది వెంకటరావమ్మ.

మేనేజరు యలమంద కుర్చీలోంచి లేవలేదు. కోల్డ్ స్టోరేజీల యజమానికి అతను స్వయానా బావమరిది. “తడి కాయలు పెట్టి నన్నడిగితే నేనేం చెప్పేది పెద్దమ్మా? మా ఏసీ ఒక్క పూట ఆగలేదు. వారం ఆగి రా, లోపల ఎంత చల్లగా ఉందో కంప్యూటర్లో చూపిస్తా.”

ఆమె కాయల్ని ఏరుకుని మళ్లీ గోతంలో వేసుకోబోయింది. “వాటినిక్కడ వదలమాక, తీసుకుపో, తీసుకుపో” అంటూ అతను స్కేలుతో బల్ల మీది కాయల్ని ఆమె వైపు నెట్టాడు. కొన్ని కింద పడ్డాయి. ఆవిడ వంగి ఏరుకుంది.

యలమంద చెప్పింది అబద్ధమని నజ్మీన్‌కు తెలుసు. మే నెల ఎండల్లో దర్శి రోడ్డులోని స్టోరేజీకి కరెంటు పోయింది. లోపల వేడెక్కుతోందని ఆమె ఫోనుకు హెచ్చరికల మీద హెచ్చరికలు వచ్చాయి. జనరేటరు వేయించమని ఆమే యలమందకు ఫోను చేసింది. “డీజిలు మీ నాన్న పోయిస్తాడా?” అని నవ్వి పెట్టేశాడు. మర్నాడు సాయంత్రం దాకా కంప్రెసర్లు తిరగలేదు. చలి కొలతలన్నీ ఎప్పటికప్పుడు క్లౌడులో, అంటే కంపెనీ ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో నమోదయ్యాయి. ఎవరూ తుడవకపోతే అవి అలాగే ఉంటాయి.

తుడవకుండా చూడటమే నజ్మీన్ ఉద్యోగం. ఆమె చేరేనాటికి ఆఫీసంతటికీ ఒకటే పాస్‌వర్డు. వాచ్‌మన్ గది గోడ మీద సుద్దముక్కతో రాసి ఉండేది. కాటా గుమాస్తా దగ్గర్నుంచి అందరూ దాంతోనే లోపలికి వెళ్లి ఎవరికి తోచింది వాళ్లు మార్చేవాళ్లు. సరుకుకు బీమా చేసిన కంపెనీ దీన్ని పట్టుకుని గట్టిగా అడిగాకే ఆమెను తీసుకున్నారు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే అనుమతి ఉండేలా ఆమె ఒక ప్రోగ్రాము రాసింది. కాటా మనిషికి కాటా వరకే, గేటు మనిషికి గేటు వరకే. దొడ్డిదారిన ఎవరైనా అదనపు అనుమతి ఇచ్చుకుంటే ప్రోగ్రాము దాన్ని తనంతట తనే పీకేస్తుంది. కొత్త అనుమతి కావాలంటే ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే మనిషి నజ్మీన్.

ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది, ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది జాన్ బాషా. కంప్యూటరు విభాగానికి ఆయనే పెద్ద. వాళ్లదీ వీళ్లదీ ఒకటే వీధి. ఆమె నాన్న పోయినప్పుడు జనాజా మోయడానికి భుజం పట్టినవాడు. ఆయన మాట అంటే ఆమెకు గురి.

వెంకటరావమ్మ వెళ్లిపోగానే ఆయన నజ్మీన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“యలమంద ఒక అనుమతి అడిగాడు. చూశావా?”

“చూశానన్నా. చలి కొలతలు మార్చడానికి అడిగాడు. కుదరదని తిప్పి పంపాను.”

“ఒక్క రోజుకే నజ్మీన్. సెన్సర్లు తప్పు చూపించాయంట. సరిచేసుకుంటాడు.”

“సెన్సర్లు తప్పు చూపించలా. జనరేటరు వెయ్యలా. ఆ సంగతి నీకూ తెలుసు.”

జాన్ బాషా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “తుళ్లూరులో కొత్త ఆఫీసు పెడుతున్నారు. దానికి నన్ను పెద్దగా వేస్తామన్నారు. నిన్నూ తీసుకెళ్తా. ఇలాంటప్పుడు మొండికేస్తే ఎలా చెప్పు?”

ఆయన నోట్లోని సోంపు వాసన ఆమెకు తగిలింది. రోజూ ఇష్టంగా పీల్చే వాసనే. ఇప్పుడు మొహం తిప్పుకుంది.

“నా వల్ల కాదన్నా. అంత కావాలంటే నువ్వే ఇచ్చుకో. అన్ని అధికారాలూ ఉన్న ఓనర్ ఖాతా నీ దగ్గరేగా ఉంది.”

“నా పేరు పడుతుంది కదే” అన్నాడాయన. నోరు జారానని ఆయనకే తెలిసి, కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి ప్రోగ్రాములో ఒప్పుకునే మనిషి చోట ఆమె పేరు లేదు. పనిభారం తగ్గిస్తున్నామని జాన్ బాషా ఒక మెయిలు పెట్టాడు. ఆమె స్థానంలో కలీం పేరుంది. కలీం ఆఫీసులో అటెండరు. టీలు అందిస్తాడు, బ్యాంకుకు వెళ్లొస్తాడు. ఎవరు ఏ పని చెప్పినా చేతులు కట్టుకుని వినే పెద్దాయన.

ఆయన టీ ట్రేతో లోపలికి వచ్చినప్పుడు జాన్ బాషా పిలిచాడు. “కలీం భాయ్, నీ ఫోనుకొకటి వచ్చింది. అది తెరిచి ఆ ఆకుపచ్చది నొక్కు.”

“నాకా సార్? నాకేం తెలుసు అయ్యన్నీ?”

“తెలియక్కర్లేదు. నొక్కు చాలు.”

కలీం ట్రే కింద పెట్టి, తడి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని వెతుకుతున్నాడు. జాన్ బాషాకు ఓపిక లేకపోయింది. కలీం వేలు పట్టుకుని తెర మీద పెట్టి నొక్కించాడు. వేలిముద్ర వేయించినట్టే. పక్కన నిలబడ్డ యలమంద “అంతే, అంతే” అంటూ టీ కప్పు అందుకుని జుర్రున తాగాడు.

నజ్మీన్ రాసిన ప్రోగ్రాము ఎక్కడా తడుముకోలేదు. అడిగినవాడొకడు, ఒప్పుకున్నవాడింకొకడు. రెండు నిమిషాలు గడవకముందే అనుమతి ఇచ్చేసింది. యలమంద కుర్చీ లాక్కుని పని మొదలుపెట్టాడు. ఆమె కళ్లముందే కొలతలు ఒక్కొక్కటీ మారిపోతున్నాయి. వేడెక్కి ఉడికిన గోదాము అతని చేతిలో చల్లబడుతోంది. పనయ్యాక అతను వేళ్లు విరుచుకుని, “నీ ప్రోగ్రాము బాగా పనిచేస్తందమ్మాయ్” అన్నాడు.

ఆమె లేచి బయట కుళాయి దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుంది.

కలీం వెనకాలే మంచినీళ్లు పట్టుకొచ్చాడు. “ఏమైందమ్మా? వేడి చేసిందా?”

“బాబాయ్, ఇందాక నువ్వేం నొక్కావో తెలుసా?”

“సార్ నొక్కమన్నాడు, నొక్కాను.”

ఆమె చెప్పింది. దర్శి రోడ్డులో కాయలు ఎందుకు బూజు పట్టాయో, ఆ ఆకుపచ్చ బొత్తాంతో ఏం జరిగిందో అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. ఆయన తన వేలి వంక చూసుకుని, “ఎంత పని చేయించారమ్మా నా చేత” అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె రాజీనామా రాసిచ్చి, బస్సెక్కి దర్శి రోడ్డు స్టోరేజీకి వెళ్లింది. వెంకటరావమ్మ, ఇంకొందరు రైతులు గేటు ముందు గోతాలు దింపి కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళ్లేసరికి ఘాటుకు నజ్మీన్ కళ్లు మండాయి.

“పెద్దమ్మా, మీ కాయలు తడివి కాదు. కరెంటు పోతే జనరేటరు వెయ్యలేదు. ఇవాళ ఆ లెక్కలు మార్చేశారు. నేను చూశాను. బీమా వాళ్లకు రాసి పెట్టండి. ఎవరు చెప్పారంటే నా పేరు చెప్పండి.”

“నీ ఉద్యోగం పోదూ?”

“మానేసొచ్చాను.”

వెంకటరావమ్మ ఆమెను ఎగాదిగా చూసి, పక్కకు జరిగి గోతం మీద చోటిచ్చింది.

రైతులు ఫిర్యాదు రాశారు. బీమా కంపెనీ నుంచి అనీసా అనే ఆఫీసరు విచారణకు వచ్చింది. నజ్మీన్‌ను, రైతుల్ని కూడా పిలిపించింది. నజ్మీన్ ఫోనుకు వచ్చిన హెచ్చరికలతో పోల్చి చూసి, కొలతలు మారిన మాట ఆవిడ అప్పటికే కనిపెట్టింది. ఎవరి అనుమతితో మార్చారని మాత్రమే అడిగింది.

యలమంద నేల చూపులు చూశాడు. జాన్ బాషా లేచి గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, మా సిబ్బందిలో కలీం అనే ఆయన బాధ్యత లేకుండా అనుమతి ఇచ్చాడు. అందుకే యలమందగారు పొరపాటున సవరించారు. కలీంను నిన్ననే పనిలోంచి తీసేశాం.”

రావాల్సిన జీతం కోసం వచ్చిన కలీం గుమ్మం దగ్గరే ఉన్నాడు. నోరు తెరిచి జాన్ బాషా వంక చూశాడు.

చిన్నప్పుడు కంప్యూటరు ముందు తనను కూర్చోబెట్టి తప్పు చేసినా కసరకుండా మళ్లీ మళ్లీ చూపించిన మనిషి ఈయనేనా అని నజ్మీన్‌కు నమ్మబుద్ధి కాలేదు. బూజు కాయల్ని చూసినప్పుడు కూడా ఆమెకు ఇంత రోత పుట్టలేదు.

“కలీం బాబాయ్, నువ్వేం చేశావో మేడమ్‌కు చెప్పు” అంది.

“ఆకుపచ్చది నొక్కమన్నారమ్మా. నాకు కనపడలేదు. జాన్ బాషా సారే నా వేలు పట్టుకుని నొక్కించాడు” అన్నాడు కలీం. వేలు ముందుకు చాపి చూపించాడు కూడా.

అనీసా జాన్ బాషాను చూసింది. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు. నజ్మీన్ జనరేటరు సంగతి, ఫోను సంగతి, వేలి సంగతి వరసగా చెప్పింది.

బీమా కంపెనీ తప్పు స్టోరేజీదేనని తేల్చింది. రైతులకు నష్టం కట్టివ్వక యజమానికి తప్పలేదు. యలమందను ఇంకో స్టోరేజీకి మార్చారంతే. కలీంను మళ్లీ రమ్మన్నారు గానీ ఆయన పోలేదు. బజార్లో తమ్ముడి చెప్పుల కొట్లో కూర్చుంటున్నాడు. జాన్ బాషా అన్నట్టే తుళ్లూరు ఆఫీసుకు పెద్ద అయ్యాడు.

విచారణ ముగిసిన రోజు ఆయన మెట్ల మీద ఆమె కోసం ఆగాడు. “నన్ను అర్థం చేసుకో తల్లీ. పిల్లలు చదువుకుంటున్నారు” అంటూ ఎప్పటిలాగే తల మీద చెయ్యి వేయబోయాడు.

దిగుతున్న నజ్మీన్ ఒక మెట్టు వెనక్కి ఎక్కింది.

“ముట్టుకోవద్దన్నా” అంది.

ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది. ఆమె గోడవారగా ఒదిగి, ఆయన చొక్కా కూడా తగలకుండా తప్పుకుని వెళ్లిపోయింది.